టాంగో, లీమా, ఎకో

"బట్టల తీగ తెగితే ముడేసి ఊరుకుంటావు. ఆ పై తీగకి మాత్రం చంటిపిల్లకి తల దువ్వినట్టు గంటలు గంటలు చేస్తావు," అంది అత్తగారు, మేడ మెట్ల మీద కూర్చుని తడి బట్టలు అందిస్తూ.

కోడలు నవ్వి ఊరుకుంది. అత్తగారన్నది నిజమే. మేడ మీద రెండు తీగలున్నాయి. కిందది బట్టలకి, పైది రేడియోకి. కింద తీగ ఎంత వదులుగా ఉన్నా బట్టలారతాయి. పైది అలా ఊరుకోదు. పొడవులో జానెడు తేడా వచ్చిందంటే మాట గడప దాటదు. అందుకే రాగి తీగ కొలవడం, కోయడం, మధ్యలో కేబుల్ కలిసేచోట టంకం పెట్టడం, వాన నీళ్ళు దిగకుండా టేపు చుట్టడం, ఇవన్నీ ఆమె వంటకీ వంటకీ మధ్య చేసుకుంది. తీగ చివర్లని గుంజలకి తగలకుండా పట్టుకునే తెల్లటి బిళ్ళలు కూడా ఆమె చేసినవే. వంటింట్లో పాతబడిన ప్లాస్టిక్ కటింగ్ బోర్డుని రంపంతో కోసి బెజ్జాలు వేసింది. దగ్గరికెళ్ళి చూస్తే వాటి మీద కూరగాయలు తరిగిన గాట్లు ఇంకా కనిపిస్తాయి.

ఇవాళ ఆదివారం. తన భర్త కట్టిన కొత్త ఏంటెన్నా చూడడానికి క్లబ్బు నుంచి ఇద్దరు వస్తున్నారు. 'భర్త కట్టిన' అని ఆమె కూడా మనసులో అలాగే అనుకుంది. అందరూ అనగా అనగా ఆమెకీ నోటికి పట్టేసింది.

ఇంట్లోనే రేడియో పెట్టుకుని, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో గాలిలో కబుర్లాడే పిచ్చి అది. హామ్ రేడియో అంటారు. పరీక్ష రాస్తే ప్రభుత్వం లైసెన్సుతో పాటు కాల్ సైన్ ఇస్తుంది. ఐదు అక్షరాలూ ఒక అంకే, అంతే. గాలిలో మనిషికి అదే పేరు. మామూలు పేరైతే వీధికొకరికి ఉంటుంది. కాల్ సైన్ ఒకరికున్నది ఇంకొకరికి ఉండదు.

ఆమెకీ ఒకటుండేది. చివరి మూడు అక్షరాలు టి, ఎల్, ఇ. గాలిలో అక్షరాలు చెదిరిపోకుండా ఒక్కోదానికీ ఒక మాట చెప్తారు కాబట్టి, టాంగో, లీమా, ఎకో. కాలేజీ లాబొరేటరీలో పారేసిన సామాను ఏరుకొచ్చి, సబ్బుపెట్టెలో ఇమిడేంత ట్రాన్స్‌మిటర్ చేసి, వణికే గొంతుతో ఆ మూడు మాటలూ చెప్పి, "ఎవరైనా వింటున్నారా?" అని పిలిచింది. చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు. తర్వాత ఒక మగ గొంతు తేలింది. "టాంగో లీమా ఎకో, వినిపిస్తున్నారు. బాగా వినిపిస్తున్నారు." ఆ గొంతునే తర్వాత పెళ్ళి చేసుకుంది. మొహాలు చూసుకోకముందు కొన్ని నెలలు గాలిలోనే మాట్లాడుకున్నారు. "మీ కాల్ సైన్ వినగానే డయల్ మీద నా చెయ్యి దానంతటదే ఆగిపోతుందండీ," అనేవాడు. అప్పట్లో ఆమెని మీరు అనేవాడు కూడా.

కూతురు పుట్టిన ఏడాది ఇద్దరి లైసెన్సులకీ గడువైపోయింది. రెండు దరఖాస్తులూ ఆమే నింపి అతని చేతికిచ్చింది. పచ్చి బాలింత, పోస్టాఫీసుకి తను ఎక్కడ వెళ్తుంది? అతను ఒకటే పోస్ట్ చేశాడు. రెండోది స్కూటరు డిక్కీలో, తుడుచుకునే గుడ్డల కింద ఎప్పటికో దొరికింది. "అయ్యో, మర్చేపోయాను. అయినా ఇంట్లో ఒకటుందిగా, దాని మీదే మాట్లాడుకో. ఇద్దరం ఒకటి కాదా ఏంటి?" అన్నాడు. ఆ మాట అప్పుడు ఎంత తియ్యగా వినిపించిందో తలుచుకుంటే ఆమెకి ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. అతని మీద కంటే తన మీద ఎక్కువ.

లైసెన్సున్న మనిషి పక్కనుంటే అతని కాల్ సైన్ మీద ఇంకొకరు మాట్లాడచ్చు. అది రూలే. మొదట్లో మాట్లాడింది. "మీ ఎక్స్ వై ఎల్ గొంతు బాగుందండీ," అనేవారు అవతలివాళ్ళు, ఆమెతో కాదు, అతనితో. హామ్ వాళ్ళ భాషలో రేడియో మాట్లాడే ఆడవాళ్ళందరూ వై ఎల్. యంగ్ లేడీ అన్నమాట, పళ్ళూడిపోయినా సరే. భార్యలు మాత్రం ఎక్స్ వై ఎల్. ఒకప్పటి అమ్మాయి. ఆమె రెండు మాటలు మాట్లాడగానే అతను "ఇలా ఇవ్వు, నేను చెప్తా" అని మైకు తీసుకునేవాడు. పిల్ల ఏడ్చేది, పాలు పొంగేవి, మైకు మీదకి మళ్ళీ చెయ్యి వెళ్ళడం తగ్గింది. గడువు దాటిపోయిన లైసెన్సుకి మళ్ళీ పరీక్ష రాయాలి. రాద్దాంలే అనుకుంది. పిల్ల బడికెళ్ళాక అనుకుంది. మామగారి జబ్బు తగ్గాక అనుకుంది. ఆయన పోయాక, అత్తగారు కుదుటపడ్డాక అనుకుంది. ఇప్పుడు పిల్ల ఉద్యోగానికి వెళ్ళి దాని కాపురం అది చూసుకుంటోంది. ఈ అనుకోవడం మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

నోరు ఖాళీ అయినా చేతులు ఊరుకోలేదు. కాయిల్స్ చుట్టింది. కాలిపోయిన రేడియో పెట్టెలు విప్పి బాగుచేసింది. అతను గాలిలో, "ఇక్కడ అంతా హోమ్ మేడ్ అండీ, బయట కొన్నది ఏదీ లేదు," అని చెప్పేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఎవరు చేశారన్నది మాత్రం చెప్పేవాడు కాదు, అడిగేవాళ్ళూ లేరు.

క్లబ్బు వాళ్ళు రానే వచ్చారు. ఒకాయన పళ్ళ డాక్టరు, ఇంకొకాయన బ్యాంకు క్యాషియరు. మేడెక్కి, తలలెత్తి, ఏంటెన్నా కింద అటూ ఇటూ తిరిగారు.

"ఈ బిళ్ళల ఐడియా ఎలా వచ్చింది గురువుగారూ?" అన్నాడు క్యాషియరు.

"పాత కటింగ్ బోర్డు పడుంటే కోసేశాను," అన్నాడు భర్త. అన్నాక పిట్టగోడ దగ్గర దుప్పటి తీస్తున్న ఆమె వైపు ఒక్కసారి చూశాడు. చూపు తిప్పుకుని, "కోసేశాం," అని దిద్దుకున్నాడు.

ఆ 'శాం' ఇన్నేళ్ళకి మొదటిసారి వచ్చింది. ముష్టి వేసినట్టనిపించి ఆమె దుప్పటి మడత పెట్టుకుని కిందకి దిగిపోయింది.

టీ కప్పులందిస్తుంటే డాక్టరు ఆమె వేళ్ళ మీద టంకం చుక్క పడి కాలిన మచ్చలు చూసి, "వంట దగ్గర కాస్త జాగ్రత్త వదినా," అన్నాడు. పాపం, మంచికే అన్నాడు. భర్త రేడియో ముందు కూర్చుని డయల్ తిప్పుతున్నాడు. అతనికొక గొప్ప పేరుంది. ఎప్పుడో ఒక్కసారి విన్న కాల్ సైన్ కూడా మర్చిపోడు. సముద్రం మధ్య దీవిలో లైట్‌హౌస్ కాపలావాడితో వయసులో ఉండగా ఒక్కసారి మాట్లాడాడట, ఆ అక్షరాలు ఇప్పటికీ గడగడా చెప్తాడు. ఇవాళా చెప్పాడు. క్యాషియరు ఇవాళా నోరెళ్ళబెట్టాడు.

అప్పుడు గరగరల అడుగు నుంచి ఒక పల్చని గొంతు వినిపించింది. ఆడపిల్ల. వణుకుతోంది. ముందరి అక్షరాలు చెప్పింది, అంకె చెప్పింది, ఆ తర్వాత,

"టాంగో, లీమా, ఎకో. ఎవరైనా వింటున్నారా?"

ఖాళీ కప్పుల ట్రేతో వంటింటికి వెళ్తున్నదల్లా ఆమె వెనక్కి తిరిగింది. వాడకుండా వదిలేసిన కాల్ సైన్‌ని కొన్నేళ్ళాగి ఇంకొకరికి ఇస్తారని ఆమెకి తెలుసు. అయినా తన పేరు పెట్టుకుని తన గొంతులాంటి గొంతుతో ఎవరో పిలుస్తుంటే, తనే ఎక్కడో దారి తప్పిపోయి అరుస్తున్నట్టుంది. ఆమె భర్త చేతి వైపే చూసింది. ఆగుతుంది. ఇప్పుడు ఆగుతుంది. దానంతటదే ఆగిపోతుందన్నాడుగా.

"ఎవరో కొత్త పిల్లలా ఉంది. చాలా వీక్‌గా ఉంది సిగ్నల్, పనవదు," అని అతను డయల్ తిప్పబోయాడు.

గొప్పగా ఏమీ జరగలేదు. ఆకాశమేమీ విరిగి పడలేదు. ఆమెకి మాత్రం లోపలెక్కడో చాలా కాలంగా పట్టుకుని ఉన్నదేదో చప్పుడు లేకుండా జారిపోయింది. అతను పోస్ట్ చేయడం మర్చిపోయినప్పుడు క్షమించింది. ఆ రోజు అతను మర్చిపోయింది కాగితాన్ని కాదని ఇప్పుడు తెలిసింది.

వంటింటి గుమ్మంలో నుంచి అత్తగారు తొంగిచూసింది.

"అదేంటే, ఆ పిల్ల నీ పాట పాడుతోందీ?"

"ఏ పాటమ్మా?" అన్నాడు భర్త విసుగ్గా.

"అదేరా, టాంగో, లీమా... ఇంకేదో ఉంది. కాపురానికొచ్చిన కొత్తలో అంట్లు తోముతూ ఇదే గొణుక్కునేది. నేను ఇంగ్లీషు పాట అనుకునేదాన్ని. తర్వాత్తర్వాత మానేసింది. ఎందుకు మానేసిందా అని నేనూ అడగలేదు."

డాక్టరు కప్పు ఖాళీ అయిపోయినా పెదాల దగ్గరే పెట్టుకున్నాడు. భర్త డయల్ మీద నుంచి చెయ్యి తీసి ఆమె మొహంలోకి చూశాడు.

"కాస్త లేవండి," అంది ఆమె.

అతను లేచాడు. ఆమె ట్రే అతని చేతిలో పెట్టి కుర్చీలో కూర్చుంది. మైకు బరువు చేతికి ఇంకా గుర్తుంది. రూలు రూలే కాబట్టి అతని కాల్ సైన్ చెప్పి, "టాంగో లీమా ఎకో, వినిపిస్తున్నావు," అంది. అప్పట్లో తను విన్న మాట మొత్తం గుర్తొచ్చి మళ్ళీ అంది. "బాగా వినిపిస్తున్నావు."

"అబ్బా, నిజంగానా! పొద్దున్నుంచీ పిలుస్తున్నానండీ, ఎవ్వరూ పలకట్లేదు. ఏంటెన్నా నేనే చేసుకున్నా. ఏం తప్పు చేశానో తెలీట్లేదు."

"ఏంటెన్నా కుదిరినచోట మీటరు ముల్లు కిందకి దిగుతుంది. నీది ఎక్కడ దిగుతోంది?"

"మనం మాట్లాడుకునే బ్యాండ్ దాటాక, ఇంకా పైన ఎక్కడో దిగుతోందండీ."

"అయితే తీగ పొట్టిదైపోయింది. ముందే కొలతకి కోసేశావు కదూ?"

"అయ్యో, అవునండీ! ఇంక పనికిరాదా?"

ఏంటెన్నా కట్టడం మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ చేసే తప్పే అది. కావలసినదానికంటే పొడవుగా ఉంచుకుని, ముల్లు చూసుకుంటూ కాస్త కాస్త తగ్గించుకోవాలి. తగ్గించడం ఎక్కడ ఆపాలో తెలియడమే ఆ పనిలో తెలివంతా. ఆమెకి తీగల విషయంలో అది బాగా తెలుసు. తన విషయంలోనే తెలియలేదు. అమ్మాయివి కాస్త తగ్గు అంటే తగ్గింది, కోడలివి ఇంకాస్త అంటే తగ్గింది, తల్లివయ్యావుగా అంటే ఇంకాస్త. చివరికి ఆ ఇంటికి అతికినట్టు సరిపోయింది.

"ఎందుకు పనికిరాదు? రెండు చివర్లా జానెడు జానెడు తీగ కలిపి టంకం పెట్టు. అతుకు కనిపిస్తుంది, కనిపించనీ. మాట వెళ్తుంది," అంది.

"థాంక్స్ అండీ! మీరు చెప్పిన కాల్ సైన్ సార్‌ది కదండీ, నేను ముందు విన్నాను. మరి మీదేంటి?"

ఆమె మైకు నొక్కబోయి ఆగింది. చెప్పేయచ్చు. నువ్వు పెట్టుకున్నది నాదే అని ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ పిల్ల ఆ అక్షరాల్ని ఇవాళే మొదటిసారి గాలిలో ఎగరేసింది. తనకి అవి మళ్ళీ రావు. ఎవరి మీద కోప్పడినా రావు. తప్పిపోయినవి మంచి చేతుల్లోనే పడ్డాయి, అది చాలనుకోవాలి. అనుకుంది గానీ కళ్ళు మాట వినలేదు.

"నాకింకా రాలేదమ్మా. పరీక్ష రాయబోతున్నాను. వచ్చాక మొదట నిన్నే పిలుస్తాను. నీ కాల్ సైన్ చాలా మంచిది. బాగా చూసుకో."

అతిథులు త్వరగానే వెళ్ళిపోయారు. ఆమె మేడ మీద మిగిలిన బట్టలు తీస్తుంటే భర్త వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎప్పుడూ లేనిది, ఒక తువ్వాలు తీసి మడత పెట్టడానికి చూశాడు. అది కుదరలేదు.

"అది నీదని చెప్పచ్చుగా," అన్నాడు.

"దానికి మొట్టమొదట బదులిచ్చింది మీరు. మీకు నేను చెప్పాలా?"

అతను తువ్వాలు అంచులు మళ్ళీ సరిచేశాడు. తర్వాత మెల్లగా, "పోనీ, ఈసారి కూడా రెండు దరఖాస్తులూ నువ్వు నింపి ఇవ్వు. నా లైసెన్సు గడువూ వచ్చే నెల్లో అయిపోతోందిగా. రెండూ నేనే జాగ్రత్తగా పోస్ట్ చేస్తాను. ఒట్టు," అన్నాడు. నిజంగానే అన్నాడు. గొంతులో పశ్చాత్తాపం ఉంది. అది ఆమెకి వినిపించింది, ఇంతకు ముందే వినిపించి ఉంటే ఎంత బాగుండేదో అని కూడా అనిపించింది.

ఆమె అతని చేతిలో తువ్వాలు తీసుకుని, దులిపి, తిన్నగా మడిచి, మళ్ళీ అతని చేతిలోనే పెట్టింది.

"వద్దండీ. మీది మీరే నింపుకుని మీరే పోస్ట్ చేసుకోండి. నాది నేను చేసుకుంటాను."