వేడి సంచి

బంతికీ బంతికీ మధ్య ఉజవా కుడిచెయ్యి వెనక జేబులోకి పోతుంది. అక్కడ వేడి సంచి ఉంటుంది, నలిపితే పూటంతా వెచ్చగా ఉండే అరచేతంత పొట్లం. దాన్ని ఓసారి పిసికి, బుట్టలోంచి ఇంకో బంతి తీసి, తనకు దెబ్బ తగలకుండా నిలబెట్టిన వలచాటు నుంచి విసురుతాడు. మార్చి నెలాఖరైనా ఆ ఉత్తరాది ఊళ్లో మంచు రాలుతూనే ఉంది.

కొట్టించుకోవడమే అతని ఉద్యోగం. మ్యాచ్‌కు ముందు బేస్‌బాల్ జట్టు బ్యాటర్లు చెయ్యి కుదుర్చుకోవడానికి తేలికైన బంతులు వెయ్యాలి. మ్యాచ్ మొదలైతే అతనెవరికీ గుర్తుండడు. ఒకప్పుడు తనూ మ్యాచ్‌లో బంతి వేసే అసలు పిచరే. మోచెయ్యి పాడై ఆ ముచ్చట త్వరగానే ముగిసింది. బంతులు వేశాక మోచేతికి స్పర్శ పోయేదాకా మంచుగడ్డ పెట్టాలన్న పాత కోచ్ మాటను మాత్రం వదల్లేదు. పెళ్లినాడు కూడా పెట్టుకున్నాడని భార్య ఫుమియె ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

ఈ వారం మాత్రం పోయిన స్పర్శ తిరిగి రాలేదు. ఉంగరం వేలు, చిటికెన వేలు తనవి కానట్టున్నాయి. చలికేమో అనుకున్నాడు. పాత మోచేతి జబ్బు తిరగబెట్టిందేమో అని కూడా అనుకున్నాడు. బంతి చేతిలో ఉందో లేదో చూసుకుంటే గానీ తెలియడం లేదు.

ఎదురుగా బ్యాటు పట్టుకున్నవాడు కుసనాగి. జట్టంతా నమ్ముకున్న కుర్రాడు, కొన్నాళ్లుగా బ్యాటుకు బంతి సరిగా తగలక అతనికి తిండి సయించడం లేదు. ఉజవా చేతిలోంచి జారిన బంతి అతని చెవి పక్కనుంచి దూసుకుపోయింది. ఉజవా టోపీ తీసి క్షమాపణగా వంగాడు. తర్వాతది ఛాతీని రాసుకుంటూ పోయింది. కుసనాగి పళ్లు బిగించి, ఆ పై బంతిని గోడ అవతలికి కొట్టాడు. ఇంకోటీ అంతే.

సాధన అయ్యాక కుసనాగి పరుగెత్తుకొచ్చి వంగి దండం పెట్టాడు. “పెద్దాయనా, ఇన్నాళ్లూ ముద్దుచేసి చెడగొట్టారు. ఇవాళ భయపెట్టారు, కళ్లు తెరుచుకున్నాయి. రేపు కూడా తల మీదికే వెయ్యండి. జాలి చూపించొద్దు.”

“చూద్దాంలే బాబూ,” అన్నాడు ఉజవా. బంతులు చెయ్యి జారాయన్న నిజం కక్కలేక మింగలేక ఉన్నాడు. ఇంత సర్వీసులో తనకెవరూ అలా వంగి దండం పెట్టలేదు. సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది.

ఆటగాళ్ల దెబ్బలు చూసే ట్రైనర్ నెగిషి ఉజవా మోచెయ్యి తిప్పి చూశాడు. లోపలివైపు మంచుగడ్డ ఆకారంలోనే చర్మం కమిలి ఉంది.

“మంచుగడ్డకి కాలిందయ్యా ఇది. ఒట్టి చర్మం మీద అంతసేపు పెడతారా ఎవరైనా? లోపల నరం దెబ్బతింది.”

వేళ్లకు స్పర్శ తిరిగొస్తుందా అంటే రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఇన్నేళ్లూ ఈ చేతిని మంచు కాపాడిందా, తినేసిందా అని ఉజవా అడిగాడు. నెగిషి కమిలిన చోట మందు రాసి కట్టు కట్టాడు. తానైతే ఎవరికీ చెప్పనని, రేపు వేస్తాడో మానేస్తాడో అతని ఇష్టమని అన్నాడు.

ఉజవా బెంచీ మీద కూర్చుని లెక్క వేసుకున్నాడు. వేస్తే మెప్పు, మానేస్తే ఉద్యోగం పోతుంది. వేస్తే ఆ కుర్రాడి తల ఏమవుతుందో మాత్రం తన చేతికే తెలియదు. లేచి మేనేజరు దగ్గరికి వెళ్లి, చెయ్యి అలసిపోయింది, ఇక చాలు అన్నాడు. కుర్రాడికి కారణం చెప్పొద్దని బతిమాలాడు. మైదానం వైపు టోపీ తీసి వంగి, బస్సెక్కాడు.

మర్నాడు కొత్తతను మెత్తటి బంతులు వేస్తుంటే, పెద్దాయన నా మీద అలిగాడా అని కుసనాగి అందరినీ అడిగాడు. కొత్తతను బుట్టలో చెయ్యి పెడితే బంతుల మధ్య ఏదో తగిలింది. బయటికి తీసి చూసి, వల పక్కన పడేశాడు. ఉజవాకు తెలియకుండా చేతిలోంచి జారి, చల్లారి రాయిలా గట్టిపడిన వేడి సంచి అది, దాని మీద పిసికిన మూడే వేళ్ల గుర్తులు.