రెండో గీత

ముందు దగ్గు వినిపించింది. చీకట్లో, పరదా అవతల, ఎండిన కాయలోపల గింజలు కదిలినట్టు గలగలమన్న చిన్న దగ్గు. ఆగింది. మళ్ళీ వచ్చింది.

బాలమ్మ కళ్ళు తెరవలేదు. ఆ దగ్గు మనవరాలు బ్లెస్సీది. అది తెలిసిపోయింది. ఆమె రెండో దగ్గు కోసం చెవులు రిక్కించింది. పరదాకు ఇవతల, తన పక్కన పడుకున్న పెనిమిటి గొంతులోంచి అలాంటిదే ఇంకొకటి వస్తుందేమోనని ఊపిరి బిగబట్టింది. రాలేదు. గురక వచ్చింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ గురక ఆమెకంత తీయగా ఎన్నడూ వినిపించలేదు.

తెల్లవారింది. కోదాడ ఊరి చివర, రెండు గదుల కిరాయి ఇల్లు. బయట సన్నని వాన. బాలమ్మ పొయ్యి వెలిగించి, మొదట ముసలాయన గ్లాసును తోమింది. అడుగు నొక్కుకుపోయిన స్టీలు గ్లాసు అది. మిర్యాలగూడ బియ్యం మిల్లులో హమాలీగా ఆయన బస్తాలు మోయడం మానేసిన రోజున తోటివాళ్ళు కొనిచ్చారు. అంచు కింద ఆయన పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటుంది. బాలమ్మకు చదువు రాదు. తోమేటప్పుడు ఆ చుక్కలు బొటనవేలికి తగులుతాయి. ఆమె ఆ పేరును వేలితో ఎరుగును, నోటితో ఎరుగదు. పెనిమిటి పేరు పలకడం ఆమె తల్లి ఎరగదు, ఆ తల్లి తల్లీ ఎరగదు. ఆదివారం ప్రార్థనలో కూడా బాలమ్మ 'కవితోళ్ళ నాయిన' అనే అనేది. దేవునికి ఆమాత్రం తెలువదా అనేది.

ఇప్పుడు ఆ గ్లాసే ఆయన కొలత. కిడ్నీలు పాడయ్యాక రోజుకు ఇన్నే నీళ్ళని డాక్టరు గీత గీశాడు. రోజు విడిచి రోజు సూర్యాపేట దవాఖానలో మిషను ఆయన రక్తాన్ని కడుగుతుంది. ఈవేళ సాయంత్రం మళ్ళీ ఆయన వంతు. మిషను సూదుల కోసం ఆపరేషను చేసిన ఎడమ మోచేతి మీద నరం తాడులా ఉబ్బి ఉంటుంది. చెవి ఆనిస్తే లోపల తేనెటీగ ఉన్నట్టు జుమ్మంటుంది. బ్లెస్సీకి ఆ చప్పుడంటే ప్రాణం. పొద్దున్నే తాత మోచేతికి చెవి ఆనించి విని, ఆ తర్వాత ఆయన గ్లాసులోని చివరి గుక్క తాగితే గాని ఆ ఐదేళ్ళ పిల్లకు తెల్లవారదు.

నిన్న కూడా తాగింది.

"జలుబే కదమ్మా," అంది కవిత, అద్దం ముందు జడ వేసుకుంటూ. బట్టల దుకాణంలో ఆమెకు పని. భర్త లారీ మీద ఎక్కడో ఉంటాడు. "వానలు పడంగనే అందరి పిల్లలకు వస్తది. అందరికి కరోనా టెస్టు చేపిస్తున్నరా?"

"అందరి ఇండ్లల్ల మీ నాయిన లేడు కద బిడ్డా."

మంచం మీదనుంచి ముసలాయన గొంతు లేచింది. "టెస్టు గిస్టు వద్దే. అది ఉన్నదని తెలిస్తే సూర్యాపేటల నా మంచం ఖతం. బాల్యా కథ యాదికి లేదా?"

యాదికి ఉంది. కరోనా వచ్చిన ఏడాది, అదే మిషను మీద బతికే బాల్యాను ఒక దవాఖాన ఇంకో దవాఖానకు పంపింది, అది మరో దానికి. చివరికి ఏదో గేటు ముందు, ఆటోలోనే ఆయన కథ ముగిసింది.

"తెలువకుంటే అది లేకుండ పోతదా?" అంది బాలమ్మ.

"తెలువనిదాన్ని ఎవడు అడుగుతడు?"

బాలమ్మ పొయ్యి ఆర్పింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పనికి బయలుదేరింది.

ఆమె పని ముక్కుల నడుమ పని. ప్రైవేటు బడిలో నర్సరీ ఆయా. పిల్లల గౌనులకు పిన్నుతో గుచ్చిన జేబురుమాళ్ళు, వాటితో తుడవడం, ఉతకడం, ఆరేయడం. ఫినాయిలుకు పగిలిన వేళ్ళు ఆమెవి. ఆ వేళ్ళకు లొంగని ఏడుపు ఆ బడిలో లేదు. ఆవేళ తరగతి అంతా దగ్గుతోంది. ఒక మూల దగ్గు ఆగితే ఇంకో మూల అందుకుంటోంది. ఏ తల్లీ పిల్లను ఇంట్లో ఉంచలేదు. ప్రతి సంచిలో ఒక సిరప్పు సీసా ఉంది.

"ఇంకా ఎక్కడి కరోనా బాలమ్మా!" అని నవ్వింది అరుంధతి టీచరు. "మొన్న మా నిఖిల్‌కీ ఇంతే. డాక్టరేమన్నాడో తెలుసా? ఇంట్లో మరీ ముసలివాళ్ళు, పెద్ద జబ్బులున్నవాళ్ళు ఉంటే తప్ప ఇప్పుడు టెస్టులు అక్కర్లేదన్నాడు. బడికి పంపకుండా నీళ్ళు బాగా తాగించమన్నాడు."

ఆమె మాట ముగించి హాజరు పిలవసాగింది. బాలమ్మ చేతిలో జేబురుమాలు అలాగే ఉండిపోయింది. 'ఉంటే తప్ప.' టీచరమ్మకు ఆ మాట దారిలో రాయి, దాటి వెళ్ళిపోయింది. బాలమ్మ కాలికి తగిలింది.

మధ్యాహ్నానికి సెలవు అడిగి, మందుల దుకాణం ముందు నిలబడింది. తులసీరాం పై అరలోంచి ఒక డబ్బా తీసి దుమ్ము ఊదాడు. "ఇప్పుడిది అడిగేటోళ్ళు ఎవరు పెద్దమ్మా? ఒక్కటే మిగిలింది." తారీఖు చూశాడు. "చెల్లుతది. ఒక గీతొస్తే ఏం లేనట్టు. రెండొస్తే ఉన్నట్టు."

అన్నం వేళకు కవిత ఇంటికి వచ్చింది. డబ్బా చూసి, విప్పింది. దూదిచుట్టిన పుల్ల, చిన్న గొట్టం, తెల్లని పలక. పుల్లను చూడగానే బ్లెస్సీ పరదా వెనక దాక్కుంది.

"ముక్కుల పెడితే చచ్చిపోత!"

"చేతులు కడుక్కొస్త. జర పట్టుకోండి దాన్ని," అని కవిత పెరట్లోకి వెళ్ళింది.

ఆ ఇంట్లో ఒక అలవాటు ఉంది. పిల్ల నోటికి ఏది వెళ్ళాలన్నా ముందు తాత నోటికి వెళ్ళాలి. పాలు కాలుతాయేమో ఆయన చూడాలి. సిరప్పు చేదేమో ఆయన నాకి మూతి ముడవాలి. ఆయనకు ఏమీ కాలేదంటే ఆమెకూ కాదు. ముసలాయన లేచి వచ్చాడు. పుల్ల అందుకున్నాడు. తన ముక్కులో పెట్టి, గిరగిరా తిప్పి, ఏనుగు తుమ్మినట్టు తుమ్మాడు.

"సూడు, సచ్చిన్నా?"

బ్లెస్సీ పకపకా నవ్వింది. పొయ్యి దగ్గర బాలమ్మ కూడా నవ్వింది. అది తప్పని ఆమెకు తోచనే లేదు. పొద్దుటినుంచీ బిగిసి ఉన్న ఇంట్లో అదొక్కటే వదులైన క్షణం.

కవిత వచ్చేసరికి పిల్ల బుద్ధిగా తల ఎత్తి కూర్చుంది. పుల్ల ముక్కులోకి వెళ్ళింది, గొట్టంలోకి వెళ్ళింది, చుక్కలై పలక మీద పడింది. ముగ్గురూ దానిమీదికి వంగారు. తడి మెల్లగా పాకింది. ఒక గీత తేలింది. బాలమ్మ ఊపిరి వదలబోయింది. దాని కింద, పాలలో కుంకుమ కలిపినట్టు, పలచగా ఇంకొకటి తేలింది.

కవిత పలకను వెలుతురుకు పట్టింది. రేకుల మీద వాన మాట్లాడుతోంది.

"నేను ఏడ్వలే అమ్మా," అంది బ్లెస్సీ గర్వంగా. "ముందు తాత పెట్టుకున్నడు. తర్వాత నేను."

కవిత తల ఎత్తి తండ్రిని చూసింది. "అదే పుల్లనా నాయినా? అదే పుల్లనా?"

ముసలాయన చేతులు చూసుకున్నాడు. క్వింటాలు బస్తాలు ఎత్తిన చేతులు. పుల్ల ఒక్కటి, ముక్కులు రెండు. ఆ రెండో గీత ఎవరిది? పిల్లదా, ఆయనదా, ఇద్దరిదా? మళ్ళీ చూద్దామంటే తులసీరాం దగ్గర ఇంకో డబ్బా లేదు.

"దవాఖానకు ఫోన్ చెయ్యి," అంది బాలమ్మ.

"వద్దు," అన్నాడాయన. "నాకు జ్వరం లేదు, దగ్గు లేదు. సప్పుడు చెయ్యకుండ పోయొస్త."

"నీ పక్క మంచపోళ్ళకు ఇండ్లు లేవా? వాళ్ళకు మనుమరాండ్లు లేరా?" ఆమె గొంతు ఎప్పుడూ ఇంత పైకి రాలేదు. "చెయ్యి బిడ్డా."

దవాఖానలో మిషను చూసే రాజ్‌కుమార్ ఫోను ఎత్తాడు. కవిత ఒక్కొక్క మాటే చెప్పింది. అతను అవతల ఎవరినో అడుగుతున్నాడు. ఆలోపు బాలమ్మ కళ్ళముందు బాల్యా ఆటో ఒక గేటునుంచి ఇంకో గేటుకు తిరిగింది.

"మంచిగ చెప్పిన్రు అక్కా. మాస్కు పెట్టి తోలున్రి. రాంగనే తాతకు వేరే టెస్టు చేస్తం. ఉన్నా సరే, వెనకకు పంపం. మూలకు ఒక మంచం ఉంది, ఆఖరుకు ఎక్కిస్తం. అందరిల కూసోనియ్యం, అంతే."

ముసలాయన గోడ వైపు తిరిగాడు. ఇన్నేళ్ళు మోసిన భయం దించుకున్నందుకో, దాన్ని మోసినందుకో, ఆయన భుజాలు చాలాసేపు కదిలాయి.

సూర్యాపేటలో ఉండే ముసలాయన తమ్ముడు మల్లేష్ ట్రాలీ ఆటోలో కూరగాయలు దింపి తిరిగి పోతూ ఇంటిముందు ఆపాడు. టెస్టులో ఏది తేలినా, పిల్లకు తగ్గేదాకా అన్న తన ఇంటి వసారాలోనే పడుకుంటాడన్నాడు. పిల్లను చూసుకోవాలి గనుక బాలమ్మ వెంట వెళ్ళలేదు. మొదటిసారి ఆయన ఒక్కడే వెళుతున్నాడు. పరదా సందులోంచి బ్లెస్సీ చెయ్యి చాచింది. ఆయన పట్టుకోలేదు, గుమ్మం బయటినుంచే మోచెయ్యి ఎత్తి చూపాడు.

"జుమ్మంటుందా తాతా?"

"అంటుంది బిడ్డా. నీ పేరే అంటుంది."

బాలమ్మ సంచిలో గ్లాసు పెట్టబోయింది. ఆయన ఆపాడు. "ఉండనియ్. పిల్లకు ఎంగిలి గ్లాసు లేకుంటే నీళ్ళు దిగయి."

వాన వెలిసింది. ట్రాలీలో, ఖాళీ గోతాల మీద ఆయన ఒంటరిగా కూర్చున్నాడు. ఒకప్పుడు మిర్యాలగూడ లారీల మీద బస్తాలపై కూర్చున్నట్టే, వెన్ను నిటారుగా. మాస్కు పైన కళ్ళు మాత్రం కనిపించాయి. ఆటో మలుపు తిరిగింది. కళ్ళు కూడా లేవు.

కవిత దుకాణానికి వెళ్ళిపోయింది. బ్లెస్సీ జ్వరం మత్తులో నిద్రపోయింది. బాలమ్మ గ్లాసును మరిగే నీళ్ళలో వేసి, తీసి, గూట్లో బోర్లించింది. దీపాల వేళకు ఫోను మోగింది. రాజ్‌కుమార్ కాదు, ఎవరో కొత్త పిల్ల గొంతు.

"దవాఖాన నుంచి. టెస్టు రిపోర్టు వచ్చింది. పేషంటు పేరు చెప్పండమ్మా."

"కవితోళ్ళ నాయిన, బిడ్డా. కోదాడ నుంచొచ్చిన తాత."

"గట్ల కాదమ్మా. ఇయ్యాల టెస్టుకు చానమంది వచ్చిన్రు. పేరు చెప్పాలె, అప్పుడే చెప్త."

కౌంటరు దగ్గరైతే బాలమ్మ ఆయన కార్డు చూపేది. ఫోనుకు కార్డు చూపించే వీల్లేదు. పిల్లను లేపి చెప్పిద్దామంటే మనసు ఒప్పలేదు. గ్లాసు అందుకుంది. లోహం ఇంకా వెచ్చగా ఉంది. బొటనవేలు అంచు కిందికి జారి, ఆయన పేరులోని మొదటి చుక్కను వెతికి పట్టుకుంది.

"అమ్మా, ఉన్నరా? పేరు?"

చివరి చుక్క మీద వేలు ఆగింది.

"యేసయ్య."