పాత దోవలో రాతిదోనె

నల్లరాతిని తొలిచి చేసిన నీటిదోనెను నేను. నల్లమల ఎక్కే యాత్రికుల కోసం ఎవరో రాతిపనివాడు నన్ను చెక్కి, కాలిబాట పక్కన ఊట కింద అమర్చాడు. ఊటనీళ్లు నా ఒడిలోంచి పారి, కొస నుంచి ధారగా పడేవి. జనం దోసిళ్లు పట్టి కడుపునిండా తాగి, ఆ పుణ్యమంతా దేవుడి ఖాతాలో వేసి పోయేవారు. నేనేమీ అనుకోలేదు.

తారురోడ్డు వచ్చి బస్సులు తిరిగాక కాలిబాటను అందరూ మరిచారు. ఒక వానాకాలం కొండచరియ జారి నన్నూ, ఊటనూ కప్పేసింది. ఎన్నేళ్లు అలా పడుకున్నానో లెక్క లేదు.

ఒక ఎండాకాలం, కింద చెంచుల గూడెంలో, వాళ్ల మాటలో పెంటలో, బోరు ఎండిపోయింది. "వానలు పడేదాకా మైదానానికి దిగండి. రేపు టెంపో పంపిస్తాను" అన్నాడు చూడవచ్చిన ఆఫీసరు. పెద్దులు అనే చెంచు దిగులుగా సామాన్లు మూట కట్టసాగాడు. అతని భార్య ఈదమ్మ మాత్రం కొండవైపే చూస్తూ నిలబడింది.

"తేనెటీగలు పొద్దుగాల్నుంచి ఆ చరియకే పోతున్నయ్. ఆడ పువ్వు లేదు, కాయ లేదు. తడి ఉంటది."

"ఈగలు చెప్పినయా నీకు?"

"నువ్వు చెప్పకపోతివి, అవన్న చెప్పినయ్. గడ్డపార తే!"

ఈగల వెంట ఎక్కుతుంటే ఆకుల కింద ఆమె పాదాలకు పాత కాలిబాట మెట్లు తగిలాయి. మెట్లు ఆగిన చోట మన్ను చల్లగా ఉంది. పెంటంతా వచ్చి తవ్వింది. మర్నాడు పొద్దెక్కేసరికి గడ్డపార నా అంచుకు ఠంగుమని తగిలింది. ఊటకు అడ్డుపడిన వేళ్లు పెరికేశారు. ముందు బురద, తర్వాత ఎర్రనీళ్లు, ఆ తర్వాత అద్దంలాంటి ధార! ఎన్నేళ్లకో నా ఒళ్లు జలదరించింది.

అప్పుడే టెంపోతో వచ్చిన ఆఫీసరు రొప్పుతూ పైకెక్కాడు. రెండు దోసిళ్లు తాగి, "బోరు ఎంత లోతు వేశారు?" అని అడిగాడు.

"బోరు గాదు సారూ, మా తాతల నాటి దోవల ఊట" అంది ఈదమ్మ.

అతను బుద్ధిగా తలూపి, 'కొత్త జలవనరు' అని రాసుకున్నాడు. అంత ముసలితనంలో కొత్త అనిపించుకోవడం నాకు భలే నచ్చింది.

టెంపో ఖాళీగా దిగిపోయింది. పిల్లా పెద్దా ధార చుట్టూ చేరి కేరింతలు కొట్టారు. వాళ్లందరినీ తోసుకుని పెద్దులు ధార కింద కూర్చుని, కళ్లు మూసుకుని, ఎంతకీ లేవలేదు. ఈదమ్మ కొంగు బిగించి అతని భుజం మీద ఒక్కటి చరిచింది.

"జరుగు! ఇగ నా వంతు."