వెనక్కి వచ్చిన గాలి

నేను ఒక గాలి పంపును. సైకిలు షాపుల ముందర కాలితో తొక్కిపట్టి, రెండు చేతులా కొట్టే రకం. లూధియానాలో పుట్టానంటారు. నాకు గుర్తున్నది మాత్రం వాయల్పాడు బస్టాండు పక్కన దస్తగిరి సైకిలు షాపు.

పాలవాళ్ళకు, పోస్టుమేనుకు, బడిపిల్లలకు ఎంత గాలి కొట్టానో లెక్క లేదు. కొట్టించుకున్నవాడు చక్రం నొక్కి చూసుకుని వెళ్ళిపోతాడు. పంపు వైపు చూడడు. అందుకు నాకు బాధ లేదు. అలసట ఉండేది, అంతే.

తర్వాత సైకిళ్ళు తగ్గాయి. దస్తగిరి షట్టరు దించి, మదనపల్లె దారిలోని ఒక ఇంజనీరింగు కాలేజీలో అటెండరుగా చేరాడు. షాపు సామానంతా అమ్మాడు. నన్నెవరూ కొనలేదు. వెంట తెచ్చి స్టోరురూములో ఓ మూల నిలబెట్టాడు. ఇక కొట్టేది లేదని నడుం వాల్చాను.

అంతలో ఆ కాలేజీలో ఒక పోటీ పెట్టారు. కంప్యూటరు చేత లెక్కలు చేయించే పోటీ. మనవాళ్ళు కాక బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక పిల్లలు వచ్చారు. జట్టుకు ముగ్గురు, ముగ్గురికీ ఒకే కంప్యూటరు. ప్రశ్న తెగితే ఆ బల్లకొక బుడగ కడతారు, ఒక్కో ప్రశ్నకు ఒక్కో రంగు. ఇంత చదివినవాళ్ళు ఇంత దూరం వచ్చి బుడగల కోసం కొట్లాడుతారని నాకప్పుడే తెలిసింది.

బుడగలకు గ్యాసు సిలిండరు తిరుపతి నుంచి రావాలి. రాలేదు. ప్రిన్సిపాలు చేతులు నలుపుకుంటుంటే, "నా కాడ పంపుండాది సార్" అన్నాడు దస్తగిరి. మళ్ళీ నా నడుం వంగింది. నా గాలికి బుడగ పైకి లేవదు. అందుకని వెదురుపుల్లలకు కట్టి బల్లలకు గుచ్చారు.

మా చోటు హాలు చివర. మా ముందరే కాలేజీ జట్టు: రెడ్డిరాణి, ఓబులేసు, కళ్ళజోడు పెట్టుకున్న ఇంకో అబ్బాయి. పక్క బల్ల బంగ్లాదేశ్ వాళ్ళది. వాళ్ళకు పెద్ద తన్వీర్. పోయినేడు ఢాకాలో మావాళ్ళు ఓడింది తన్వీర్ జట్టు చేతిలోనే. గెలిచిన ఒక్క జట్టే పెద్ద పోటీకి పోతుంది. మావాళ్ళకు చదువు ఆఖరేడు, మళ్ళీ వచ్చేది లేదు. ప్రిన్సిపాలు ముగ్గురి బొమ్మలతో 'విజేతలకు అభినందనలు' అని ఫ్లెక్సీ కూడా వేయించి, చుట్టి, ముందే స్టోరురూములో పెట్టించాడు. మనుషులకు తొందరెక్కువ.

రెండు బల్లల వాళ్ళూ ఇంగ్లీషులో ఏదో అనుకుని ఒకటే నవ్వుకుంటున్నారు.

"ఏమంటాడమ్మా ఆ అబ్బి?" అన్నాడు దస్తగిరి.

"ఓడినోళ్ళు సంకటి పెట్టాలంటన్నా. ముద్ద పెద్దదిగా చేయించమంటా ఉండాడు" అంది రెడ్డిరాణి.

"నువ్వేమంటివి?"

"సంకటి మింగాల, నమిలితే పండ్లకు పట్టుకుంటాది, ముందది నేర్చుకో పొమ్మంటి."

పోటీ మొదలయింది. మావాళ్ళకొక బుడగ, పక్కవాళ్ళకొకటి. పొద్దు తిరిగేసరికి రెండు బల్లలూ సమానం. అలా సమానంగా ముగిస్తే ముందుగా చేసినవాళ్ళదే గెలుపు. అప్పుడు ఎర్ర బుడగ ప్రశ్న దగ్గర అందరూ ఆగిపోయారు. కొన్ని ఊళ్ళు, వాటి మధ్య ఇప్పటికే ఉన్న రోడ్లు ఇస్తారు, అన్నింటినీ కలపడానికి ఇంకా కనీసం ఎన్ని రోడ్లు కావాలో చెప్పాలి. గోడమీది పెద్ద తెరలో తన్వీర్ జట్టుకు ఆ ప్రశ్న పక్కన వరసగా తప్పులే. అతను తల పట్టుకున్నాడు. కాసేపటికి మావాళ్ళకు ఒప్పొచ్చింది. దస్తగిరి నన్ను తొక్కి ఎర్ర బుడగ ఊది కట్టివచ్చాడు. ఓబులేసు ఎగిరి గంతేశాడు.

రెడ్డిరాణి మాత్రం తన చిత్తుకాగితం వైపే చూస్తోంది.

"ఓబులేసూ, ఊరు ఒకటే అయితే రోడ్డు యాడికేస్తారు?"

"యాడికీ యెయ్యరు."

"మనం ఒకటని రాసినాం."

ఓబులేసు తెర చూశాడు. "ఒప్పొచ్చింది గదా!"

"అదే చెప్తా ఉండా. అంటే ప్రశ్న పెట్టినోళ్ళ జవాబులో కూడా ఒకటనే ఉండాది. తన్వీరోళ్ళు సున్నా అని సరిగ్గా రాసుంటారు. అందుకే వాళ్ళకు తప్పొస్తా ఉండాది."

"గమ్మునుండు రాణీ. తప్పు పెట్టినోళ్ళు వాళ్ళు. మనం చేసినామా?"

"చేసినాం గదా."

కళ్ళజోడబ్బాయి అద్దాలు తుడుచుకుని, "చెప్పెయ్" అన్నాడు.

"ఫ్లెక్సీ గూడా యేసేసినారే..." అని ఓబులేసు బల్లమీద తల పెట్టుకున్నాడు. తల ఎత్తకుండానే, "పో. చెప్పు. నా మొకం మాత్రం చూడొద్దు" అన్నాడు.

ఆమె వెదురుపుల్ల పెరికి ఎర్ర బుడగ తెచ్చింది.

"పగిలిందామ్మా?" అన్నాడు దస్తగిరి.

"లేదన్నా. బాగుండాది. మాది కాదు, అంతే."

బుడగ అతని చేతిలో పెట్టి, ప్రశ్నలు పెట్టినవాళ్ళ దగ్గరికి పోయింది. వాళ్ళు గుసగుసలాడి, చెమటలు తుడుచుకుని, తప్పు దిద్దుకున్నారు. తన్వీర్ మొట్టమొదట పంపిన జవాబే ఒప్పయింది. మావాళ్ళది తప్పయింది. ప్రోగ్రాములో ఒక్క వరస మార్చి మళ్ళీ పంపారు, ఒప్పొచ్చింది. కానీ తన్వీర్ వాళ్ళది ముందు.

రెండు బల్లలకూ ఎర్ర బుడగ కట్టమన్నారు, ముందు పక్క బల్లకు. దస్తగిరి కొత్తది ఊదబోయి, నన్ను పక్కన పెట్టి, చేతిలో ఉన్నదే చూశాడు.

"ఇట్లియ్యన్నా" అని రెడ్డిరాణే తీసుకుపోయి తన్వీర్ బల్లకు గుచ్చింది. అతనికి సంగతి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. తర్వాత లేచి నిలబడ్డాడు. మావాళ్ళకు దస్తగిరి ఇంకోటి ఊది కట్టాడు. ఆ తర్వాత ఏ బల్లకూ బుడగ రాలేదు, గెలుపు తన్వీర్ జట్టుదే అయింది.

సాయంత్రం హాలు వెనకే సంకటి, చెనిక్కాయల చట్నీ పెట్టారు. తన్వీర్ ముద్ద నములుతూనే ఉన్నాడు. రెడ్డిరాణిని ఏదో అడిగాడు. ఆమె జవాబుకు పక్కపక్కన కూర్చున్న ఆరుగురూ నవ్వారు.

"ఏమనిందిబ్బా?" అని దస్తగిరి ఓబులేసును అడిగాడు.

"చెప్పకుండా ఉంటే పొయ్యేదిగదా అన్నాడన్నా. ఉంటే ఈ సంకటి నువ్వు చేయాల్సొచ్చేది, నీకు కెలకను రాదు అనింది."

అందర్నీ నవ్వించిన రెడ్డిరాణి చేయి కడుక్కోవడానికి పోయి చాలాసేపు రాలేదు. కొళాయి పారుతూనే ఉంది.

కొన్నేళ్ళకు దస్తగిరి ఉద్యోగం మానేశాడు. నా తోలు వాషరు ఎండిపోయింది. పిడి నొక్కితే మూలుగు తప్ప గాలి రాదు. పాత ఇనుము బండి ఎప్పుడొస్తుందోనని చూస్తున్నాను. ఆ ఫ్లెక్సీ ఎక్కడా కట్టలేదు. దుమ్ము పడకుండా నామీద కప్పారు. లోపలి వైపు ముగ్గురూ నన్నే చూస్తుంటారు.

బతుకంతా గాలి ఇచ్చాను. తీసుకున్నవాళ్ళు పోయారు. తనది కాదని వెనక్కి తెచ్చింది ఆమె ఒక్కతే. ఆ కాస్త గాలీ నాదే.