సీట్లత్త ఫోటో

సీట్లత్తకి ఆ పేరు పెట్టింది తమ్ముడి కూతురు పిచిక. గ్యారేజీల వీధి చివర్లో అత్తకో షాపు ఉంది. బస్సులకీ, కార్లకీ, ఆస్పత్రి కుర్చీలకీ సీటు కవర్లు కుడుతుంది. రెండు మిషన్లు, ఇద్దరు పనివాళ్లు, నేల కనబడనన్ని రెగ్జిన్ ముక్కలు, ఎటు తుమ్మినా లేచే ఫోమ్ పొడి. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "జనాన్ని కూర్చోబెట్టే పనితోనే సరిపోయింది, నా గురించి ఆలోచించుకునే తీరికేదీ?" అనేది.

ఆమె ముఖం మీద బొల్లి ఉంది. పదకొండో ఏట పెదవి చివర చిన్న చుక్కలా మొదలై, కళ్ల చుట్టూ, మెడ మీదికి, మోచేతుల దాకా పాకింది. షాపుకి కొత్తగా వచ్చినవాళ్లు ఆ ముఖం చూసి, అడగడానికి వచ్చింది మర్చిపోయేవాళ్లు. ఆమె కాసేపు ఓపిక పట్టి, "నన్ను చూడ్డం అయిందిగా, ఇక సీటు చూద్దాం" అనేది. దాంతో వాళ్లే తల దించుకునేవాళ్లు.

బయటివాళ్ల దగ్గర అంత నిక్కచ్చిగా ఉండే మనిషి, ఇంట్లోవాళ్ల దగ్గర మాత్రం ఒక్క విషయంలో నోరెత్తలేదు. చిన్నప్పుడు ఒక సెలవుల్లో చుట్టాలందరూ ఫోటోకి నిలబడ్డారు. తల్లి వచ్చి కెమెరా ఆమె చేతిలో పెట్టి, "నువ్వు తియ్యమ్మా, నీకు బాగా వచ్చు" అంది. అంతకుముందు ఆమె ఒక్క ఫోటో కూడా తియ్యలేదు. అయినా తీసింది. ఆ తర్వాత ఎవరింట్లో ఏం జరిగినా కెమెరా ఆమెదే. కెమెరాలు పోయి ఫోన్లు వచ్చినా, ఫోన్ ఆమె చేతికే వచ్చేది. ఎవరూ తిట్టలేదు, పక్కకి నెట్టలేదు. మర్యాదగానే జరిగిపోయింది, అందుకే ఎదురు చెప్పడానికి ఆమెకి ఎప్పుడూ సందు దొరకలేదు.

తమ్ముడి భార్యకి బ్యూటీ పార్లర్ ఉంది. ఇంటి కింది భాగంలోనే నడుపుతుంది. కష్టపడి పైకొచ్చిన మనిషి. ఆ ఏడాది ఆకురాలు కాలం సెలవుల్లో, ఆదివారం సాయంత్రం కస్టమర్లని ఇంటికి టీకి పిలిచింది. కొనుక్కొచ్చిన అలంకరణలు అందరిళ్లలోనూ ఒక్కలాగే ఉంటాయని, చేత్తో చేసినవి కావాలనుకుంది. వదిన షాపులో రంగు ముక్కలు బోలెడు పడి ఉంటాయి కాబట్టి ఆమెకే ఫోన్ చేసి, ఆకుల తీగలు చేసిపెట్టమంది. మధ్యమధ్యలో కుటుంబం పాత ఫోటోలు కూడా గుచ్చితే వచ్చినవాళ్లకి చెప్పుకోవడానికి కబుర్లుంటాయని అంది. ఫోటోల పెట్టె ఇచ్చి పిచికని షాపుకి పంపింది.

రెండు రోజులు అత్తా మేనకోడలూ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఆకులు కత్తిరించారు. బస్సు సీట్ల మెరూన్, క్లినిక్ కుర్చీల ఆవపిండి పసుపు, ఎవరో ఆర్డరిచ్చి తీసుకెళ్లని ఇటుక రంగు. పిచిక కత్తిరించినవి ఆకుల్లా కంటే చేపల్లా ఉన్నాయి. అత్త వాటికి నిక్షేపంగా ఈనెలు కుట్టి ఆకులు చేసింది.

చేతులు నొప్పెట్టినప్పుడల్లా పెట్టె తెరిచి ఫోటోలు చూసుకునేవాళ్లు. అత్త ఒక్కో ఫోటో కథ చెప్పేది. కొత్త స్కూటర్ మీద తాతయ్య దర్జాగా కూర్చున్న ఫోటో ఉంది. ఆ స్కూటర్ సగం దారిలో ఆగిపోతే ఆయన చెమటలు కక్కుకుంటూ ఇంటిదాకా తోసుకొచ్చి, ముఖం తుడుచుకుని, అప్పుడు ఎక్కి కూర్చున్నాడట. పిచిక వాళ్ల నాన్న పొట్ట మీద చెయ్యేసుకుని హీరోలా నిలబడ్డ ఫోటో ఇంకోటి. అది స్టైలేం కాదు, అంతకు కాసేపటి ముందే చొక్కా గుండీ మింగాడు, అది ఎక్కడిదాకా దిగిందో పట్టి చూసుకుంటున్నాడు. నాయనమ్మ పళ్లన్నీ కనబడేలా నవ్విన ఫోటో మొత్తం పెట్టెలో ఒక్కటే. కెమెరా వెనకాల అత్త వాళ్ల పెదనాన్న చెప్పుని ఒక కుక్క నోట కరుచుకుని పారిపోతోంది, ఆయన ఒంటికాలి మీద దాని వెంటపడ్డాడు. పిచిక పొట్ట పట్టుకుని నవ్వింది.

కాసేపటికి, ఇవన్నీ నీకెలా తెలుసని అడిగింది. తీసింది నేనే కదా అంది అత్త. పిచిక పెట్టెంతా తిరగేసింది. ఏ ఫోటోలోనూ అత్త లేదు. ఒక్కదాంట్లో మాత్రం, గడ్డిలో కూర్చున్నవాళ్ల కాళ్ల దగ్గర, మోచేతులు రెండూ బయటికి పెట్టి నిలబడ్డ సన్నటి నీడ పడింది.

"ఇదిగో అత్తా, ఇది నువ్వే" అంది పిచిక గెలిచినట్టు. తర్వాత మామూలుగా, ఇంకో ఆకు కత్తిరించుకుంటూ చెప్పింది. "ఆదివారం ఫోటోలు నేనే తీస్తా. అమ్మ ఫోన్ ఇస్తానంది. నాకు బాగా వచ్చు అంది."

అత్త చేతిలో కత్తెర ఆగిపోయింది. పిల్ల గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. ఎడమ కంటి రెప్ప మీద పిల్ల రంగుకి సరిపోయేలా క్రీము దట్టంగా పూసి ఉంది. బొటనవేలితో మెల్లిగా తుడిచింది. కింద గోరంత తెల్ల మచ్చ.

ఎప్పట్నుంచని అడిగితే, వేసవి నుంచి అంది పిచిక. అమ్మ రోజూ బడికి వెళ్లేముందు పూస్తుందట, ఎవరికీ చెప్పొద్దందట. మీద చెయ్యేస్తే తగ్గిపోతుందేమోనని తనకి తానే రాత్రిళ్లు కన్ను మూసుకుని పట్టుకుంటుందట.

"పోతుందా అత్తా?"

"పోవచ్చు, పోకపోవచ్చు. డాక్టరు మందిస్తారు, వాడాలి. నాది మాత్రం పోలేదు."

"నొప్పెడుతుందా?"

"పెట్టదు" అంది అత్త. "కాకపోతే చూసేవాళ్లు పడే అవస్థ మనం భరించాలి."

పిల్లని ఇంటికి పంపేశాక ఆమె మళ్లీ మిషన్ దగ్గర కూర్చుంది గానీ, కుట్టు తిన్నగా పడలేదు. తన సంగతైతే ఎప్పుడో మింగేసింది. ఇప్పుడదే మాట, అంతే ముద్దుగా, ఈ పిల్ల చేతిలో పెడుతున్నారు. ఒళ్లు మండిపోయింది. అంతకంటే తన మీద తనకే కోపమొచ్చింది. తను కిక్కురుమనకుండా కెమెరా పట్టుకున్నన్నాళ్లూ, పక్కకి తప్పుకోవడం ఈ ఇంట్లో ఒక పద్ధతైపోయింది.

మర్నాడు షాపు పనివాళ్లకి వదిలేసి ఫోటో స్టూడియోకి వెళ్లింది. పెద్ద సైజులో ముఖం ఒక్కటే తీయమంది. స్టూడియో అతను మంచివాడే. తీశాక కంప్యూటర్ తెర మీద చూపిస్తూ, మచ్చలు ఐదు నిమిషాల్లో తీసేస్తానని, అదనంగా డబ్బులేమీ అక్కర్లేదని గొంతు తగ్గించి చెప్పాడు.

"వాటిని తీసేస్తే అది నేనని మా ఇంట్లోవాళ్లే పోల్చుకోలేరు బాబూ" అందామె. "ఉన్నదున్నట్టు ఇవ్వండి. వెలుతురు చాలకపోతే ఇంకాస్త పెంచండి."

పిచిక ఫోటో మాత్రం ఆమె తీయించలేదు. పిల్ల ముఖం పిల్లది, దాన్ని తన పంతానికి గోడెక్కించడం తప్పనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం స్టూలు వేసుకుని హాలంతా తీగలు కట్టింది. మెరూన్, పసుపు, ఇటుక రంగు ఆకుల మధ్య స్కూటర్ తాతయ్య, గుండీ తమ్ముడు, నవ్వే అమ్మ, ఆ నీడ. అన్నిటికీ నట్టనడుమ, సోఫా పైన, అన్నిటికంటే పెద్దగా ఆమె ముఖం.

మరదలు కప్పుల ట్రేతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ముందు చాలా నెమ్మదిగా, అది అక్కడెందుకని అడిగింది. తర్వాత తమ్ముడు వచ్చాడు, అతని వెనకే తల్లి గోడ పట్టుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడింది.

"మీరంటే నాకు గౌరవం లేక కాదు వదినా" అంది మరదలు. "నా పనే ముఖాలతో. అది చూసి వాళ్లు ఏమనుకుంటారు? ఇక్కడికొస్తే అంటుకుంటుందేమోనని భయపడరా?"

"అందుకేనా పిల్లకి రోజూ పూస్తున్నావు?"

మరదలి ముఖం పాలిపోయింది. తమ్ముడు కూడా తల తిప్పుకున్నాడు, అంటే అతనికీ తెలుసు. మరదలు ట్రే కింద పెట్టింది. తను పిల్లని దాచట్లేదని, కాపాడుతున్నానని, బడిలో పిల్లలు ఎంత మాటంటారో మీకు తెలియదా అని అడిగింది. అత్తకి నిజంగానే జాలేసింది, కానీ స్టూలు దిగలేదు.

తల్లి కల్పించుకుంది. "తీసెయ్యవే. వాళ్లొచ్చే వేళైంది. ఇప్పుడీ గొడవెందుకు?"

"అమ్మా, నువ్వు నన్నెప్పుడూ ఒక్క దెబ్బ కొట్టలేదు. కెమెరా ఇచ్చావు. కొట్టుంటే ఎదురు తిరిగేదాన్ని."

తల్లి ఒళ్లో చేతుల వైపు చూసుకుంది. తమ్ముడు దగ్గరికొచ్చి, ఈ ఒక్కసారికి నా మాట విను అక్కా అన్నాడు.

"ఈ ఒక్కసారికి, ఈ ఒక్కసారికి అంటూనే నాకు యాభై దాటాయిరా. నా ఫోటో దించాలంటే ఆకులు కూడా దించుకుని పోతాను. మీ ఇష్టం. ఉంచితే అన్నీ ఉంటాయి, లేదంటే బోడి గోడకి టీ ఇచ్చుకోండి."

ఎవరు ఏమనేవాళ్లో గానీ, అప్పుడే బెల్లు మోగింది.

కస్టమర్లు పదిమంది దాకా వచ్చారు. ఆకులు చూసి ఎక్కడ కొన్నారని అడిగారు. సీట్లత్త వాళ్లని వరసగా తీగ వెంట తిప్పుతూ స్కూటర్ కథ చెప్పింది, గుండీ కథ చెప్పింది. గుండీ చివరికి ఏమైందని ఒకావిడ అడిగితే, దాన్ని తమ్ముణ్ణే అడగమంది. హాలంతా నవ్వులు. ఆ నవ్వుల్లోనే సోఫా దగ్గరికొచ్చారు. ఒక్కసారిగా మాటలు సన్నగిల్లాయి.

"ఇది నేను" అంది సీట్లత్త. "ఇందాకటివన్నీ తీసింది నేనే. మీకిక్కడ కనబడకపోతే నేనీ ఇంటిదాన్ని కాదనుకుంటారని పెట్టాను."

గొలుసు కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ ఇబ్బంది పడుతూనే, ఇది అంటుకుంటుందా అని అడిగేసింది.

"అంటుకోదండీ. అంటుకునేదైతే ముందు మా తమ్ముడికి అంటాలి. చిన్నప్పుడు నా కంచంలో తినకపోతే వాడికి ముద్ద దిగేది కాదు."

కొందరు నవ్వారు. ఒకావిడ మాత్రం టీ సగంలో పెట్టేసి, ఏదో పనుందని వెళ్లిపోయింది. మరదలు ఆవిడని గేటు దాకా సాగనంపి వచ్చింది, ఎవరి వైపూ చూడలేదు.

చివర్లో ఫోటోకి లేచారు. అలవాటుగా తమ్ముడు ఫోన్ అక్క వైపు చాచాడు. మధ్యలో పిచిక చెయ్యి పెట్టి అందుకుంది. సీట్లత్త ఆ ఫోన్ పిల్ల చేతిలోంచి తీసి తిరిగి తమ్ముడికే ఇచ్చింది. "ఈసారి నువ్వు తియ్యి. ఊపిరి బిగబట్టి నొక్కు, లేకపోతే అందరం దెయ్యాల్లా పడతాం."

తర్వాత వెళ్లి తల్లి కుర్చీ పక్కన, ముందు వరసలో నిలబడింది. నీ ఇష్టం అన్నట్టు పిచిక వైపు చూసిందే తప్ప పిలవలేదు. పిచిక గది మధ్యలో కాసేపు నిలబడింది. మరదలు పౌడర్ డబ్బా అందుకుని, ఆగమ్మా, ఒక్క నిమిషం అంది. పిచిక తల అడ్డంగా ఊపింది. గౌను అంచు ఎత్తి కంటి రెప్పని గట్టిగా, ఎర్రబడేదాకా తుడుచుకుంది. వచ్చి అత్త ముందు నిలబడింది.

తమ్ముడు గబుక్కున నొక్కేశాడు. ఫోటోలో తల్లి తల సగమే పడింది, ఒకావిడకి మోచెయ్యి తప్ప ఏమీ లేదు. మరదలు ఫోటోకి రానేలేదు.

ఆ సెలవులన్నీ మరదలు వదినతో మాట్లాడలేదు. ఇద్దరు కస్టమర్లు మానేశారు. ఆ సంగతి తమ్ముడి చేత చెప్పించింది. పిచికని మాత్రం చర్మ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది. మందు వాడుతున్నారు. చలికాలానికి మచ్చ రెండో రెప్ప మీద కూడా కనబడింది. క్రీము పూయడం మానేశారని పిచికే ఫోన్లో చెప్పింది. పూయబోతే కళ్లు మూసుకోవట్లేదట, అందుకని మానేశారట.

ఒక మధ్యాహ్నం సీట్లత్త పెద్ద బస్సు సీటు ఒళ్లో పెట్టుకుని అంచు కుడుతుంటే ఫోన్ మోగింది. మరదలు. పలకరింపుల్లేవు. కోపంతో ఆమె మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. బడిలో క్లాసు ఫోటో తీశారట. టీచరు పిచికని వెనక వరసలోకి, ఒక పొడుగాటి అబ్బాయి వెనక్కి జరగమంటే, అది జరగనందట. ముందుకే వచ్చి నిలబడిందట. మొండికేసిందని మరదల్ని పిలిపించారట.

"వెళ్లాను వదినా. ఎందుకు జరగమన్నారని అడిగాను. ఆవిడ నీళ్లు నమిలింది. మా పిల్ల ముఖానికి ఏమైందో మీరు నోటితో చెప్పండి, అప్పుడు నేను జరుపుతాను అన్నాను. చెప్పలేకపోయింది. ఫోటో మళ్లీ తీయించి గానీ నేను కదల్లేదు."

సీట్లత్త పళ్ల మధ్య పట్టుకున్న సూది తీసి సీటుకి గుచ్చింది. ఆ ఆదివారం గురించి మరదలు ఒక్క మాట ఎత్తలేదు, అత్త కూడా ఎత్తలేదు. అవతల ఇంకా ఆయాసం వినబడుతోంది. పనివాళ్లని మిషన్లు ఆపమని సైగ చేసి, ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది.

"పెట్టెయ్యకు" అంది. "ఇంకోసారి చెప్పు. మొదట్నుంచీ."