పంటు కబురు

నేను ఒక ప్లగిన్‌ని, అంటే వెబ్‌సైటుకు తగిలించే చిన్న ప్రోగ్రామును. ఆషామాషీ ప్లగిన్‌ని కాదు. గోదావరి లంకల సమాచారం చెప్పే వెబ్‌సైటు మొత్తం నా భుజాల మీద నడిచింది. ఒకరోజు నేను రాలేదు, అంతే, సైటు సైటంతా తెల్లమొహం వేసింది!

నన్ను పీహెచ్‌పీ అనే కంప్యూటరు భాషలో రాసింది, ఆ సైటు ఆఫీసులో పనిచేసే శేషారత్నం. కొమ్మరలంక రేవులో, రెండు పడవలు కలిపి బల్లలు పరిచిన పంటు ఒకటి ఉండేది. దాన్ని నడిపే సరంగు పోలయ్య పొద్దున్నే ఏటి పోటు చూసి ఆఫీసుకు ఫోన్ చేసేవాడు. దాన్నిబట్టి ‘పంటు ఉంది’ అనో, ‘పంటు లేదు’ అనో పేజీ నెత్తిన వేయడమే నా పని.

సైటుకు చట్రంలాంటి మా ఫ్రేమ్‌వర్క్‌లో ఒక మర్యాద ఉంది. పిలవందే ఎవరూ రాకూడదు. ఎవరైనా పేజీ తెరవగానే నమోదు పట్టీలో పేర్లు చదువుతారు. పేరు వినపడగానే ఆటోలోడర్ అనే బంట్రోతు చిరునామాల పుస్తకం తిరగేసి, ఆ ఫోల్డరుకు పరిగెత్తి, మనల్ని లేపి తీసుకెళతాడు. పని కాగానే మళ్ళీ పడక.

ఇంతలో వంతెన వచ్చింది. పంటు ఒడ్డెక్కింది. శేషారత్నం పట్టీలోంచి నా పేరు కొట్టేసింది. ఫైలును మాత్రం చెరపలేదు. ఏ పాత ఫైలు తీస్తే ఏది కూలుతుందోనని ఈ వృత్తివాళ్ళకు మహా భయం. నన్ను ‘పాతవి’ అనే ఫోల్డరులోకి జరిపి ఊరుకుంది.

ఆరేళ్ళు. పట్టీ చదివిన ప్రతిసారీ చెవులు రిక్కించేవాణ్ణి. వాతావరణం, బస్సులు, కొబ్బరి ధరలు... అందరినీ పిలిచేవారు, నన్ను తప్ప.

పోలయ్య ఏటా వరదల ముందు ఆఫీసుకు వచ్చేవాడు.

“అమ్మడూ, మన పంటు మాట మళ్ళీ ఎప్పుడెక్కిత్తావు?”

“వంతెన ఉండగా నీ పంటు ఎవరెక్కుతారు బాబాయ్? కొంగలా?”

“ఆయ్, నవ్వు నవ్వు. తారు పూసే ఉంచాను. పిలిత్తే గంటలో రేవులో ఉంటాను.”

ఏడో ఏట వంతెన స్తంభం పగిలింది. రాకపోకలు ఆపేశారు. పోలయ్య పంటును నీళ్ళలోకి దించి, ఆ కబురు లంకలన్నిటికీ తెలియాలని ఆఫీసుకొచ్చి కూర్చున్నాడు. శేషారత్నం నా పేరు పట్టీలో ఎక్కించింది. నన్ను జరిపిన సంగతి చిరునామాల పుస్తకానికి చెప్పడం మరిచిపోయింది! ఆటోలోడర్ నా పాత గూటికి వెళ్ళి, ఖాళీ చూసి, ‘అలాంటి క్లాసే లేదు’ అని, అంటే నేనే లేనని, చెప్పేశాడు. సైటు కుప్పకూలింది. మొదట్లో నేను కోసిన కోత ఇదే. ఆ కూలడం నా బలం కాదు, ఆవిడ మరుపు.

“ఉన్నోణ్ణి లేడంటాడేంటమ్మా ఈడు!” తెర మీది ఆ ముక్క ఆవిడ చదివి చెప్పగానే అన్నాడు పోలయ్య.

ఆవిడ నాలుక కరుచుకుని పుస్తకం తిరగరాయించింది. నన్ను పిలిచారు. ‘పంటు ఉంది’ అని వేశాను. పోలయ్య కూడబలుక్కుని చదివి, నమ్మకం చాలక పేజీ మళ్ళీ తెరిపించి చదివి, చెప్పులు మరిచి రేవుకు పరిగెత్తాడు.

ఇందులో ఇంకో ముక్క కూడా నా కల్పన. పిలవని ఫైలుకు చెవులుండవు. ఆ ఆరేళ్ళూ నేను ఏమీ వినలేదు, ఎవరికోసమూ చూడలేదు, రాయిలా పడున్నాను. ఎదురుచూసినవాడు పోలయ్య. ఆ దిగులు అతని దగ్గర అరువు పుచ్చుకున్నాను. వంతెన మరమ్మతు పూర్తికావస్తోందట. పంటు ఒడ్డెక్కగానే ఆ దిగులు మళ్ళీ అతనికే ఇచ్చెయ్యాలి.