పొట్టిపుల్ల కొలత

పరిశోధనలో మా గైడు వెంకటకృష్ణారావు గారికి అంకెలంటే ప్రాణం. కాకపోతే ఒక్కటే అంకె ఉండాలి. రెండోది చూపిస్తే చిరాకు.

చిక్కుడు గింజల్లోంచి తీసిన ప్రొటీను స్ఫటికం మీద మద్రాసులో ఏడాదిగా పనిచేస్తున్నాను. దాని గుండా ఎక్స్‌రేలు పంపితే ఫిల్ము మీద నల్లచుక్కలు పడతాయి. నడిమి నుంచి ఎంత దూరం దాకా చుక్కలు కనపడితే ప్రొటీను రూపం అంత వివరంగా తెలుస్తుంది. నా స్ఫటికం పెంకెది. రెండు దిక్కుల్లో చుక్కలు ఫిల్ము అంచుదాకా పోతాయి, మూడో దిక్కులో సగంలోనే మాయమవుతాయి. సెలవుకు బెజవాడ పక్క గుణదలలో మా ఇంటికి వచ్చాక ఈ సంగతి రెండు ఉత్తరాల్లో అంకెలు వేసి మరీ రాశాను. ఆయన కార్డు ముక్క మీద జవాబిచ్చారు: "పొట్టి దిక్కు ఎంత ఉందో మిగతా రెండూ అక్కడికే కోసెయ్యి. పట్టికలో ఒకే హద్దు ఉండాలి. గురువారం ఢిల్లీ సభకు వెళ్తున్నాను. బెజవాడలో బండి ఇరవై నిమిషాలు ఆగుతుంది, తెచ్చి ఇవ్వు."

కోసెయ్యాలట. ఒక్కో చుక్క ఎంత నల్లగా ఉందో కంటితో అంచనా కట్టి రాసుకున్నదాన్ని నేను. కళ్ళజోడు వచ్చింది ఆ చుక్కల వల్లే. సభలో ఆ పట్టిక చదివేస్తే సగానికి పైగా చుక్కలు ఇక లేనట్టే.

అంకెలు తలకెక్కకపోతే కంటికే చూపిద్దామనుకున్నాను. బంకమన్ను ఉండ చేసి చుట్టూ చీపురుపుల్లలు గుచ్చాను. ఏ దిక్కున చుక్కలు ఎంత దూరం పోయాయో ఆ పుల్ల అంత పొడుగు. రెండు రోజులు స్కేలు పెట్టి కొలిచాను. బుధవారం సాయంత్రానికి పక్కలకు బారుగా, పైకీ కిందికీ పొట్టిగా, ఇడ్లీలా తేలింది. నా స్ఫటికం తీరు నేనే మొదటిసారి చూశాను. వరండాలో ఆరబెట్టాను.

పొద్దున్న లేచేసరికి అది బంతి. చక్కటి గుండ్రటి బంతి.

మా నాన్న శౌరయ్య కాన్వెంటులో తోటమాలి. క్రోటన్సు మొక్కల్ని గుండ్రంగా కత్తిరించడంలో ఆయనకు పేరుంది. ఎగుడుదిగుడుగా ఏది కనపడినా నాన్న చెయ్యి ఊరుకోదు.

"పెద్దాయనకి ఇచ్చేదిగదా అమలా. అట్టా గెడ్డం పెరిగినట్టుంటే ఏం బాగుంటది?" అన్నాడు కత్తెర తుడుచుకుంటూ.

"ఎంతకి కోశావు నాన్నా?"

"పొట్టిపుల్ల ఎంతుందో అంతకి. పొట్టిదాన్ని పొడుగు చెయ్యలేంగా."

కార్డు ముక్క మీద ఉన్నదీ అదే. ఒకరు డాక్టరేటు, ఒకరు ఐదో క్లాసు, ఇద్దరి కత్తెరా ఒకటే. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నాన్న మీద అరిచాను. తానేం తప్పు చేశాడో పాపం ఆయనకు తెలియలేదు. మళ్ళీ చేద్దామంటే బండికి గంట కూడా లేదు.

"ముక్కలేవి?"

"చేటలో ఉన్నయ్. పొయ్యిలోకి పనికొస్తయ్యని."

వాటిని పేపర్లో పొట్లం కట్టి, బంతీ పట్టికా తీసుకుని స్టేషనుకు పరుగెత్తాను.

వెంకటకృష్ణారావు గారు రైలుపెట్టె గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతున్నారు. పుల్ల పొడుగే చుక్కల దూరం అని చెబితే, ఖాళీ గ్లాసు కింద పెట్టి బంతిని అందుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"చూశావా, ఇదే నేను చెప్పింది. ఎంత బాగుందో. పట్టిక ఏదీ?"

ఒళ్ళు మండింది. పొట్లం విప్పి ఆయన రెండో చేతిలో ఒంపాను. గుప్పెట నిండి ప్లాట్‌ఫారం మీద రాలాయి.

"ఇవేంటమ్మాయ్?"

"మీరు కోసెయ్యమన్నవి సార్. అన్నీ ఆ రెండు దిక్కులవే. మూడో దిక్కు నుంచి ఒక్క ముక్క కూడా రాలేదు."

ఆయన గుప్పెట్లోంచి ఒక ముక్కను వేళ్ళతో పైకి తోసి, బంతిలో మిగిలిన పుల్ల పక్కన పెట్టి చూశారు. ముక్కే పొడుగు.

ఈల వినపడింది. పట్టిక ఆయన చంకలో దోపాను. "ఏ దిక్కు హద్దు ఆ దిక్కుకే రాశానండి. ఒక్కటే కావాలంటే మీరే కోసుకోండి."

బండి కదిలింది. పిడికిలి విప్పి ముక్కలు పారేస్తారేమోనని కనపడినంత దూరం చూశాను. విప్పలేదు. ఢిల్లీలో ఏం చదువుతారో మాత్రం నాకు తెలియదు. కిందపడ్డ ముక్కలు ఏరుకుని ఇంటికొచ్చాను.

గేటు దగ్గరే నాన్న ఎదురొచ్చాడు. "బంతి చూసి ఏమన్నారమ్మా?"

"ఎంతో బాగుందన్నారు నాన్నా" అన్నాను. అది అబద్ధమైతే బాగుండేది.